అందంగా ఉన్న పాత పుస్తకాన్ని అనుమానించండి

పాత పుస్తకాల వ్యాపారుల జాబితాల్లో కొన్ని పొగడ్తలు ఎప్పుడూ కనిపిస్తాయి. ‘ప్రథమ ముద్రణ, కొత్త మొరాకో తోలు బైండింగు, మూడు అంచులకూ బంగారు పూత, కడిగి శుభ్రం చేసిన కాగితం.’ ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. నా దృష్టిలో ఆ పొగడ్తల్లో ఒక్క ‘ప్రథమ ముద్రణ’ తప్ప మిగిలినవన్నీ నష్టాల పద్దు. కొత్త తోలు వేశారంటే పాత అట్టా పాత కుట్టూ పోయాయి. అంచులకు బంగారం పూశారంటే ముందు వాటిని కత్తిరించారు. కాగితం కడిగారంటే దాని మీద ఉన్న సంతకాలు, ధరలు, చదివినవాళ్ల రాతలు మందులో కొట్టుకుపోయాయి. పాత ప్రతిని మనం దాచుకోవడానికి కారణమే అది సాక్షి కావడం. సాక్షి నోరు మూయించి, పట్టుబట్టలు కట్టి కూర్చోబెట్టడం నాకు సమ్మతం కాదు.

ఈ మాట నిరూపించడానికి ఒకే నవల తీసుకుంటాను. ఆలివర్ గోల్డ్‌స్మిత్ ‘ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’, 1766. వికార్ అంటే ఊరి చర్చి పాస్టరు. తెలుగువాళ్లకు ఇది పరాయి పుస్తకమేమీ కాదు. కందుకూరి వీరేశలింగం 1878లో ‘వివేకవర్ధని’లో వరసగా ప్రకటించి, 1880లో పుస్తకంగా తెచ్చిన ‘రాజశేఖర చరిత్రము’కు ప్రేరణ ఈ నవలే. కలిగిన కుటుంబం ఆస్తి పోగొట్టుకోవడం, ఊరు విడవడం, మోసగాళ్ల చేతుల్లో పడడం, చివరికి మారువేషంలో తిరుగుతున్న ప్రభువు ఆదుకోవడం అనే చట్రాన్ని పంతులుగారు అక్కణ్ణుంచి తీసుకుని, ధవళేశ్వరం గోదావరి గట్టు మీద కొత్త కథ కట్టారు. అక్కడ పాస్టరు కొడుకు మోజెస్ గుర్రప్పిల్లను అమ్మి, ఆ డబ్బుతో పన్నెండు డజన్ల పచ్చకళ్లజోళ్లు కొనుక్కొస్తాడు. వెండి అనుకున్న అంచులు రాగి అని ఇంటికొచ్చాక తేలుతుంది. ఇక్కడ బైరాగి బంగారం చేస్తానని నమ్మించి ఉన్న బంగారం పట్టుకుపోతాడు.

ముందు రచయిత సంగతి. గోల్డ్‌స్మిత్ ఐర్లండువాడు, డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో ఫీజు కట్టలేని విద్యార్థుల కోటాలో చదివినవాడు. లండన్‌లో పత్రికలకూ ప్రచురణకర్తలకూ కూలికి రాసి బతికాడు. 1774 ఏప్రిల్ 4న పోయేనాటికి అప్పులు రెండు వేల పౌన్ల దాకా ఉన్నాయి. ఈ నవల అమ్మకం గురించి, గోల్డ్‌స్మిత్ స్నేహితుడూ నిఘంటుకర్తా అయిన జాన్సన్ మీద బాస్వెల్ రాసిన జీవితచరిత్రలో ఒక ప్రసిద్ధమైన ఘట్టం ఉంది. అద్దె బాకీకి ఇంటి యజమానురాలు గోల్డ్‌స్మిత్‌ను పట్టించింది. కబురందిన జాన్సన్ ఒక గినీ (పౌను కంటే ఒక షిల్లింగు ఎక్కువ) పంపి, తర్వాత తనే వెళ్లాడు. వెళ్లేసరికి ఆ గినీ అప్పుడే మదీరా ద్రాక్షసారా సీసాగా మారి ఉంది. సీసాకు బిరడా బిగించి, అమ్మడానికి ఏముందని అడిగి, నవల రాతప్రతి తీసుకుపోయి అరవై పౌన్లకు అమ్మి డబ్బు తెచ్చిచ్చాడు.

అందమైన కథే. కానీ దాని పక్కన ఒక చిట్టాపుస్తకం ఉంది. సాల్స్‌బరీ ముద్రాపకుడు బెంజమిన్ కాలిన్స్ లెక్కల్లో 1762 అక్టోబరు 28 తేదీ కింద, ఈ నవలలో మూడో వంతు హక్కును ‘గ్రంథకర్త డాక్టర్ గోల్డ్‌స్మిత్’ దగ్గర 21 పౌన్లకు కొన్నట్టు నమోదైంది. 21 పౌన్లంటే 20 గినీలు. మూడు వంతులూ కలిపితే 60 గినీలు, అంటే 63 పౌన్లు. జాన్సన్ చెప్పిన అంకె దాదాపు సరిపోయింది. కాని డబ్బు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందన్న దగ్గర బాస్వెల్ కథకూ చిట్టాకూ పొత్తు పూర్తిగా కుదరదు. ఆ చిట్టాను ఎవరో ‘పనికిరాని పాత కాగితం’ అని తీసి పారేసి ఉంటే, మనకు సీసా కథ ఒక్కటే మిగిలేది. మూడు ముద్రణలయ్యాక, నాలుగోది మొదలయ్యే నాటికి పుస్తకం మీద ఇంకా 2 పౌన్ల 16 షిల్లింగుల 6 పెన్నీల నష్టమే ఉందన్నదీ, కాలిన్స్ తన మూడో వంతును అయిదు గినీలకు వదిలించుకున్నాడన్నదీ ఆ లెక్కల్లోంచే బయటపడ్డాయి. తర్వాత వందేళ్లపాటు ఇంగ్లీషు చదివే ప్రతి ఇంట్లోనూ ఉన్న నవల గురించి ఇది తెలియడం చిన్న విషయం కాదు.

అమ్మిన మూడున్నరేళ్లకు, 1766 మార్చి 27న పుస్తకం వెలువడింది. ఈ మధ్యలో ‘ది ట్రావెలర్’ కావ్యంతో గోల్డ్‌స్మిత్‌కు పేరొచ్చింది. ముఖపత్రం మీద రచయిత పేరు లేదు, కథ చెప్పే పాస్టరే రాసినట్టుగా ఉంటుంది. లోపలి చిన్న విజ్ఞప్తి కింద మాత్రం ఆలివర్ గోల్డ్‌స్మిత్ అని అచ్చయింది. సాల్స్‌బరీలో బి. కాలిన్స్ ముద్రించాడనీ, లండన్ పేటర్‌నాస్టర్ రోలోని ఎఫ్. న్యూబెరీ కోసమనీ ముఖపత్రం అడుగున ఉంటుంది. ఒక ప్రతి ప్రథమ ముద్రణేనా అని తేల్చడానికి ఈ వరసే మొదటి పరీక్ష. ముఖపత్రం మీద 1766 అని ఉన్నంత మాత్రాన అది ప్రథమ ముద్రణ అయిపోదు. అదే ఏడాది మే నెలాఖరున రెండోది, ఆగస్టులో మూడోది వచ్చాయి. డబ్లిన్‌లోనూ కార్క్‌లోనూ అదే ఏడాది వేరే ముద్రణలు వేసుకున్నారు. బ్రిటిష్ కాపీరైటు చట్టం అప్పటికి ఐర్లండుకు వర్తించదు కాబట్టి అవి అక్కడ దొంగ ముద్రణలు కూడా కావు. సాల్స్‌బరీ పేరు లేకపోతే ఇక ముందుకు వెళ్లనక్కర్లేదు.

రెండో పరీక్ష లెక్క. దీనికి ఏ నిపుణుడూ అక్కర్లేదు, ఓపిక చాలు. ఈ పుస్తకాన్ని పన్నెండాకుల మడతలో అచ్చువేశారు. ఒక్కో ఫారంలో, అంటే అచ్చయిన తావును మడిచి కుట్టే ఒక్కో కట్టలో, 12 ఆకులు, 24 పుటలు. ఫారం మొదటి పుట అడుగున ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. ముందుపుటలకు ‘ఎ’, కథ ‘బి’తో మొదలు. అప్పటి ముద్రాపకులు ఫారాల వరసలో ‘ఐ’, ‘జె’లను ఒకే అక్షరంగా లెక్కపెట్టేవాళ్లు కాబట్టి ‘బి’ నుంచి ‘కె’ దాకా తొమ్మిది ఫారాలే. తొమ్మిదిని 24తో హెచ్చిస్తే 216 పుటలు. ఒకటో సంపుటంలో కథ 214 పుటలు. మిగిలిన రెండు పుటలు, అంటే ఒక ఆకు, చివర ఖాళీగా ఉండాలి. రెండో సంపుటం 223 పుటలు. అదే తొమ్మిది ఫారాల 216 పుటల మీద ‘ఎల్’ అక్షరంతో నాలుగాకుల ముక్క ఒకటి, ఎనిమిది పుటలు చేరితే 224. చివరి పుట ఖాళీ. లెక్క సరిపోయింది.

ఆ ఖాళీ ఆకు దగ్గరే చాలా ప్రతులు దొరికిపోతాయి. మళ్లీ బైండు చేసేవాళ్లు అచ్చులేని కాగితాన్ని చెత్తగా తీసేశారు. కానీ ఫారంలో మొదటి ఆకూ పన్నెండో ఆకూ ఒకే కాగితం మడత. చివరి ఆకును మడత దాకా తీసేస్తే దాని జంట, అంటే 193వ పుట ఉన్న ఆకు, కుట్టులో పట్టు లేక వేలాడుతుంది. అందుకని దాన్ని పక్క ఆకుకు జిగురుతో అంటిస్తారు. ఒకటో సంపుటాన్ని 193వ పుట దగ్గర మెల్లగా తెరిచి, కుట్టు పక్కన లోపలి అంచున చూడండి. అక్కడ జిగురు చార కనిపిస్తే చివరి ఆకు కథ అడగాలి. చివర ఖాళీ ఆకు ఉండీ 193 దగ్గర జిగురు ఉంటే ఇంకా గట్టిగా అడగాలి. వేరే పాత పుస్తకంలోంచి తెచ్చిన ఖాళీ కాగితం అక్కడ అతికించి ఉండొచ్చు.

కాగితం కూడా సాక్ష్యం చెబుతుంది. ఆకును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, కాగితం పోసిన జల్లెడ అచ్చులోని తీగల గుర్తులు కనిపిస్తాయి. వాటిలో ఎడంగా, లావుగా ఉండే గీతలు పన్నెండాకుల మడతలో అడ్డంగా ఉండాలి. ఎనిమిదాకుల మడతలో నిలువుగా ఉంటాయి. పుస్తకమంతా అడ్డగీతలై, ఒక్క ఆకులో నిలువు గీతలుంటే ఆ ఆకు బయటనుంచి వచ్చిందే. గీతల మధ్య ఎడం ఆకు ఆకుకూ కొట్టొచ్చినట్టు మారినా అనుమానించాల్సిందే. లోపాలున్న రెండు ప్రతుల్ని విప్పి ఒక మంచి ప్రతిగా కూర్చడం పందొమ్మిదో శతాబ్దిలో గౌరవంగా సాగిన వ్యాపారం. మొదటి ముద్రణ ఒకటో సంపుటానికి రెండో ముద్రణ రెండో సంపుటాన్ని జతచేసి, ఒకే రంగు తోలుతో కట్టడమూ ఉంది. జంట తోలు చూసి మురిసిపోకుండా రెండు ముఖపత్రాలూ చదవాలి.

అచ్చుతప్పులంటే సంగ్రాహకులకు మోజు. రెండో సంపుటం 95వ పుట పైన అచ్చయ్యే పుస్తకం పేరులో ‘వేక్‌ఫీల్డ్’ అక్షరాలు తారుమారైన ప్రతులున్నాయి. దాన్ని చూపించి ‘ఇదే అసలైన మొదటిది’ అని ధర పెంచుతారు. ఇక్కడ కొంచెం నిదానించాలి. అచ్చు నడుస్తుండగా తప్పు కనిపిస్తే యంత్రం ఆపి దిద్దేవారు. అప్పటికే అచ్చయిన తావుల్ని పారేసేవారు కాదు, దిద్దినవాటితో కలిపే కట్టేవారు. కాబట్టి ఒక ప్రతిలో 95వ పుట ముందు అచ్చయిందే కావచ్చు, మరో ఫారం తర్వాత అచ్చయిందీ కావచ్చు. పైగా తప్పులన్నీ ‘ముందున్నవి’ కానక్కర్లేదు, నడుస్తున్న అచ్చులో అక్షరాలు ఊడి, తిరిగి పెట్టేటప్పుడు కొత్త తప్పులు పడేవి. ఒక్క తప్పును పట్టుకుని ప్రతి మొత్తానికి వయసు కట్టడం తర్కానికి నిలవదు.

ఇక నకళ్లు. 1885లో లండన్‌లో ఎలియట్ స్టాక్ సంస్థ ఈ ప్రథమ ముద్రణకు అచ్చమైన నకలు వేసింది. ఆస్టిన్ డాబ్సన్ ముందుమాట, ముద్రణల జాబితా చేర్చింది. నిజాయతీగా చేసిన పని అది. చిక్కంతా, తర్వాతి చేతుల్లో ఎవరైనా ఆ ముందుమాట పుటలు తీసేసి, పాత తోలు కట్టినప్పుడు వస్తుంది. పాత ముఖపత్రం, ‘ఎఫ్’లా కనిపించే పాత పొడుగు ‘ఎస్’లు, పుట అడుగున తర్వాతి పుట మొదటి మాట, అన్నీ నకలులోనూ ఉంటాయి. కాబట్టి అక్షరాల ఆకారం చూసి లాభం లేదు. సీసం అక్షరాలు తడిపిన కాగితంలోకి దిగినప్పుడు వెనకవైపు చిన్న ఉబ్బు మిగులుతుంది. వెలుతురును పక్కనుంచి పడనిచ్చి చూస్తే, వేలు తాకిస్తే తెలుస్తుంది. ఫొటో పద్ధతిలో తీసిన నకలులో అచ్చు బల్లపరుపుగా ఉంటుంది. పదిరెట్ల భూతద్దంలో చూస్తే, అసలు అచ్చులో అక్షరం అంచున సిరా నొక్కుకుని చుట్టూ కొంచెం ముదురు గీత కడుతుంది, నకలులో సిరా సమంగా పరుచుకుంటుంది. కానీ కడిగి, ఒత్తి, ఇస్త్రీ చేసినట్టు చదును చేసిన అసలు ప్రతిలో ఆ ఉబ్బు కూడా పోతుంది! ‘శుభ్రమైన’ ప్రతి తన అసలుతనాన్ని తానే నిరూపించుకోలేని స్థితికి అలా చేరుతుంది.

ఎలియట్ స్టాక్ పేరు తెలుగు చదువరులు గుర్తుపెట్టుకోవాలి. ‘రాజశేఖర చరిత్రము’కు జె. రాబర్ట్ హచిన్సన్ చేసిన ఇంగ్లీషు అనువాదం ‘ఫార్చ్యూన్స్ వీల్’ను 1887లో లండన్‌లో ప్రచురించింది ఈ సంస్థే. గోల్డ్‌స్మిత్ నవల నకలూ, ఆ నవల చూసి రాజమండ్రి పంతులుగారు రాసిన నవల అనువాదమూ రెండేళ్ల తేడాలో ఒకే సంస్థ నుంచి వచ్చాయి. ఈ సంబంధం నాకు ముఖపత్రాల అడుగు వరసల వల్ల తప్ప మరోలా కనబడదు. అందుకే ముఖపత్రం చిరిగిపోయిందని కొత్త టైపు కాగితం పెట్టి కుట్టిన ప్రతుల్ని చూస్తే బాధ కలుగుతుంది.

బొమ్మల ముద్రణల గురించి క్లుప్తంగా. 1817లో ఆకర్‌మన్ వేసిన ప్రతిలో టామస్ రోలండ్‌సన్ బొమ్మలు 24, చేత్తో రంగులద్దినవి. మొదట ఆ 24 లెక్కపెట్టండి. ఫ్రేము కట్టి అమ్ముకోవడానికి వీటిని చింపేస్తుంటారు. తర్వాత కాగితాన్ని వెలుతురుకు పట్టి, లోపల కనిపించే మిల్లు నీటిగుర్తులోని ఏడాది చూడండి. 1794 నుంచి ఎగుమతి కాగితం మీద సుంకం తిరిగి రావాలంటే తయారైన ఏడాది కాగితంలో ఉండాల్సి వచ్చింది, దాంతో మిల్లులు ఏడాది వేయడం మొదలుపెట్టాయి. ముఖపత్రం 1817 అంటుంటే బొమ్మ కాగితం 1820 అంటే, కాగితాన్నే నమ్మాలి. 1843 నాటి వాన్ వూర్‌స్ట్ ముద్రణలో విలియం ముల్‌రెడీ గీసిన 32 బొమ్మల్ని జాన్ థాంప్సన్ చెక్క మీద చెక్కాడు. వీళ్లిద్దరే 1840 నాటి బ్రిటిష్ తపాలా కవరు బొమ్మ చేసినవాళ్లు. 1890 మాక్మిలన్ ప్రతిలో హ్యూ థామ్సన్ బొమ్మలున్నాయి. చదువుకోవడానికి ఒక పాత ప్రతి ఇంట్లో ఉండాలనుకునేవాళ్లు ఇది కొనుక్కుంటే చాలు. 1929లో ఆర్థర్ రాక్‌హామ్ బొమ్మలతో సంతకం చేసిన 775 ప్రతులు వేశారు. అవి మొదటినుంచీ బీరువాల కోసం తయారైనవి.

ఇప్పుడు ఇంటి సంగతి. వయసులో వందేళ్లకు పైగా పెద్దదైన 1766 ప్రతి, మన 1880ల తర్వాతి తెలుగు పుస్తకాలకంటే గట్టిగా ఉంటుంది. దానికి కారణం కాగితం. అప్పటి ఇంగ్లీషు కాగితం నార, నూలు గుడ్డ పీలికల గుజ్జుతో చేసి, జంతు జిగురు పట్టించినది. తర్వాతి చవక యంత్రపు కాగితంలో చెక్కగుజ్జు కలిసింది, పటికతోనూ రోజిన్ అనే చెట్టు బంకతోనూ పూత పెట్టారు. పటిక కాలక్రమాన ఆమ్లాన్ని పుట్టించి కాగితాన్ని లోపలినుంచే కొరికేస్తుంది. పుట మూలను ఒకటి రెండుసార్లు మడిస్తే విరిగిపోయే స్థితి అదే. అలాంటి కాగితాన్ని వెన్నుదగ్గర కోసి, పక్కనుంచి దారం పోసి గట్టిగా కుట్టే మామూలు లైబ్రరీ బైండింగు దాని ప్రాణం తీస్తుంది. తెరిచిన ప్రతిసారీ పుట కుట్టు వెంబడి విరుగుతుంది. దానికి తోడు బైండరు మూడు వైపులా కత్తెర పెడతాడు. అంటించడానికి వాడే లైలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతాడు. తుత్తంలోని రాగి కాగితం చివుకును ఇంకా తొందరచేస్తుంది. ప్లాస్టిక్ లామినేషను అయితే మళ్లీ వెనక్కి తీయలేని పని.

పెళుసైన తెలుగు పుస్తకానికి కొత్త బైండింగు బదులు పెట్టె చాలు. ఆమ్లం లేని మందపాటి కార్డుతో, నాలుగు రెక్కలు మడిచే కవరు చేసి అందులో పెట్టాలి. చిరిగిన చోట సెల్లోటేపు వద్దు. పలచని జపాను కాగితం చీలికలు, గోధుమ పిండిలోంచి తీసిన గంజిపదార్థంతో ఉడికించిన పలచని జిగురు వాడాలి. నీళ్లతో తడిపితే ఊడి వచ్చేదే మంచి జిగురు. పురుగు కనిపిస్తే పుస్తకాన్ని గాలి తీసిన పాలిథిన్ సంచిలో మూసి, సున్నాకు 20 డిగ్రీలు తక్కువ చలిలో రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక సంచి వెంటనే విప్పకూడదు. ఒక రోజు అలాగే వదిలేస్తే తేమ సంచి మీద పడుతుంది, పుటల మీద కాదు. వానాకాలంలో గాలి తేమ 65 శాతం దాటి రోజుల తరబడి ఉంటే బూజు ఖాయం. గోడకు ఆనించకుండా నాలుగు అంగుళాలు ఎడంగా బీరువా ఉంచడం, ఏ మందుకంటే ముందు చేయాల్సిన పని. పొడిపొడిగా రాలే పాత తోలుకు నూనె పూయొద్దు. నూనె పుటల్లోకి దిగుతుంది, తోలు నయం కాదు.

అన్నిటికంటే ఎక్కువగా పోగొట్టుకున్నది కాగితపు పై అట్టల్ని. తెలుగు పుస్తకాల వెనక అట్ట మీద ధర అణాల్లో, అదే ప్రచురణకర్త వేసిన ఇతర పుస్తకాల జాబితా, ఎక్కడ దొరుకుతాయో, తపాలా ఖర్చెంతో ఉండేవి. గ్రంథాలయ బైండరు మొదట పీకేది దాన్నే. దానితోపాటు పుస్తకం ఎవరికోసం, ఎంతకు అమ్మారన్న సంగతి పోతుంది. అదృష్టవశాత్తు దీనికి ఒక ఆసరా ఉంది. 1867 నాటి 25వ చట్టం ప్రకారం ముద్రించిన ప్రతి పుస్తకం వివరాలూ ప్రభుత్వానికి ఇవ్వాల్సి వచ్చింది. రచయిత, ముద్రాలయం, పుటల సంఖ్య, సైజు, ఎన్నో ముద్రణ, ఎన్ని ప్రతులు, ధర అందులో ఉండేవి. మద్రాసు ప్రెసిడెన్సీలో వాటిని మూడు నెలలకోసారి జాబితాలుగా అచ్చువేశారు. చేతిలో ఉన్న ప్రతిలో ఎన్ని పుటలు పోయాయో, అది ఏ ముద్రణో తేల్చుకోవడానికి ఆ జాబితాలో పుటల లెక్కా సైజూ చూస్తే చాలు.

రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, వేటపాలెం సారస్వత నికేతనం లాంటి చోట్లకు ఇంట్లోని పాత పుస్తకాలు ఇచ్చేవాళ్లున్నారు. ఇచ్చేముందు తుడిచి, అట్టలు వేసి, పాత సంతకాలు చెరిపి ఇవ్వడం మర్యాద అనుకుంటారు. దయచేసి అలా చేయకండి. ఉన్నది ఉన్నట్టే ఇచ్చి, ఒక కాగితం మీద నాలుగు మాటలు రాసి జతచేయండి: అట్ట మొదటిదా కాదా, ముందూ వెనకా ఖాళీ ఆకులెన్ని, ఏ పుటలు లేవు, పుస్తకం ఏ ఊళ్లో ఎవరి ఇంటినుంచి వచ్చింది. పై అట్ట, ముఖపత్రం, చివరి పుట, వెనక అట్ట మీది ప్రకటన ఫొటో తీసి, కొలత తెలిసేలా పక్కన స్కేలు ఉంచండి. డిజిటైజు చేసేవాళ్లకు ఖాళీ పుటలు వదిలేసే అలవాటుంది, వాటిని కూడా స్కాను చేయమని అడగండి.